మా హాల్లో రాష్ట్రపతి

పోయిన నెలలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఐదుగురు కట్టగట్టుకుని మా ఇంటికొచ్చారు. లిఫ్టు పనిచేయక నాలుగంతస్తులు మెట్లెక్కి రావడంతో కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. మంచినీళ్ళు తాగి స్థిమితపడ్డాక, వాళ్ళలో పెద్దాయన గొంతు సవరించుకుని, ఈసారి సంఘానికి నన్ను అధ్యక్షురాలిగా ఉండమని అందరూ అనుకుంటున్నట్టు చెప్పాడు. పోటీ కూడా లేదట. ఎందుకు లేదో ఆ లిఫ్టు చూస్తే తెలుస్తుంది. నేను సరేనన్నాను. మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, "అచ్చం మీ బాబాయి పోలికే," అన్నాడు. అది మెప్పో దెప్పో తెలియక వచ్చినవాళ్ళు ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ మాటతో బహ్రెయిన్‌లో మా పాత ఫ్లాటు, ఆ హాలు, అందులో ఒక శుక్రవారం సాయంత్రం కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. ఆ పూట వంట ఇక ఆయనే పూర్తిచేయవలసి వచ్చింది.

బాబాయంటే మా నాన్నకు ఆఖరి తమ్ముడు. మనిషి సన్నగా, గొంతు అంతకంటే సన్నగా ఉండేవాడు. కాని ఒంగోలులో ఆయన నాటకం వేస్తే సినిమా హాల్లో ఫస్ట్ షో వెలవెలబోయేదని మా నాన్న చెప్పేవాడు. తమ్ముడి సంగతి వచ్చేసరికి మా నాన్న కొంచెం పెంచి చెప్పేవాడు కాబట్టి అందులో సగం తీసేసినా ఫర్వాలేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో కొత్తగా కట్టిన బడి గోడ ఒక్క వానకే కూలిపోయిందట. దాని మీద బాబాయి ఒక నాటకం రాశాడు. ఆ బడి కట్టించిన పెద్దమనిషి పేరు అందులో ఎక్కడా లేదు. ఆయన నడక, ఆయన దగ్గు, కండువా భుజం మార్చుకునే తీరు మాత్రం ఉన్నాయి. మూడోసారి వేశాక పోలీసులు బాబాయిని తీసుకెళ్ళి రెండు రోజులు స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టి పంపేశారు. అంతటితో పోతే ఆయన రాస్తూనే ఉండేవాడేమో. కాని ఆ పెద్దమనిషి వేషం కట్టినతను కాలేజీలో అటెండరు. అతని ఉద్యోగం ఊడింది. ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని అత్తారింటికి వెళ్ళి తలదాచుకున్నాడు. "రాసింది నేను, పోయింది వాడి కూడు," అని బాబాయి ఆనాటితో రాయడం మానేశాడు. తర్వాత కొన్నాళ్ళకు ఎవరో వీసా ఇప్పిస్తే పిన్నిని, పిల్లల్ని ఊళ్ళోనే ఉంచి బహ్రెయిన్ వెళ్ళిపోయాడు.

నేను పెళ్ళయి మా ఆయనతో అక్కడికి చేరేసరికి బాబాయి అక్కడ పాతకాపు. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైం కీపరు. ఎవరు ఎన్నింటికి డ్యూటీకి వచ్చారు, ఎన్నింటికి దిగారు, ఎవరికెంత ఓవర్‌టైం అయింది, అదంతా రాయడం ఆయన పని. గుదైబియా పేటలో ఒక పాత బిల్డింగులో, కింద లాండ్రీ, దాని పక్కన కెఫెటీరియా, పైన మూడో అంతస్తులో నలుగురు మగవాళ్ళుండే గది ఆయనది. లాండ్రీ ఆవిరి, కెఫెటీరియా వాడి చాయ్‌లో ఏలకుల వాసన కలిసి మెట్ల దాకా వచ్చేవి. నేను ఈసా టౌన్‌లో ఒక స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బాబాయి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు, గోంగూర దొరికితే గోంగూర, దొరక్కపోతే ఏదో ఒక ఆకు చేతబట్టుకుని. తిని, పేపరు మొహాన కప్పుకుని గంటసేపు నిద్రపోయి, లేచి, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాడు. ఈయన ఒకప్పుడు నాటకాలు రాశాడంటే మా ఆయన నమ్మేవాడు కాదు.

రెండువేల మూడో సంవత్సరం మొదట్లో ఒక మంగళవారం సాయంత్రం బాబాయి హఠాత్తుగా ఊడిపడ్డాడు. చేతిలో ఆకుకూర లేదు. జేబులోంచి మడత పెట్టిన పేపరు ముక్క తీసి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. యూరప్‌లో ఒక చిన్న దేశం. అక్కడొక నాటకాలాయన. ఉన్నింటి పిల్లవాడని ప్రభుత్వం పెద్ద చదువు చదవనివ్వలేదు. నాటకశాలలో తెరలు లాగే పనికి కుదిరి, అక్కడే రాయడం నేర్చుకున్నాడు. ఆయన రాసింది ఏలేవాళ్ళకు గిట్టలేదు. ఇరవై ఏళ్ళు సొంత దేశంలో ఆయన నాటకం ఆడకుండా చేశారు. బీరు ఫ్యాక్టరీలో పీపాలు దొర్లించే పనిచేశాడు. మనిషిని మనిషిగా చూడమని స్నేహితులతో కలిసి ఒక కాగితం మీద సంతకం పెట్టినందుకు ఇంటి చుట్టూ కాపలా, ఆనక ఏళ్ళ తరబడి జైలు. దేశం విడిచి పొమ్మన్నా పోలేదు. జైల్లోంచి వారానికొక ఉత్తరం భార్యకు రాయనిచ్చేవారట, అందులో కొట్టివేతలు ఉండకూడదు, హాస్యం ఉండకూడదు. చివరికి ఒక చలికాలం జనం లక్షల్లో నడిరోడ్డు మీదికొచ్చి, జేబుల్లోంచి తాళంచెవుల గుత్తులు తీసి, ఇక మీరు ఇళ్ళకు పోండని పాలకుల వైపు గలగలలాడించారట. ఒక్క తుపాకీ పేలలేదు. ఆ ఏడు చివర్లో ఆ నాటకాలాయన్నే రాష్ట్రపతిని చేశారు. పదమూడేళ్ళపాటు కుర్చీలో ఉండి మొన్ననే దిగి ఇంటికి వెళ్ళిపోయాడని ఆ పేపరు ముక్కలో ఉంది.

"దీన్ని మన తెలుగు సంఘం ఉగాదికి వేద్దాం," అన్నాడు బాబాయి.

మా ఆయన టీవీ కట్టేసి, "ఉగాదికి పచ్చడుంది, కవి సమ్మేళనముంది, పిల్లల డాన్సులున్నాయి. మధ్యలో జైలెందుకు మామయ్యగారూ?" అన్నాడు.  బాబాయి నన్ను చూసి, "ఇంట్లో తెల్ల కాగితాలున్నాయా అమ్మాయ్?" అనడిగాడు. అప్పుడు నాకర్థమైంది, ఈయన అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చాడని.

పద్దెనిమిది రోజుల్లో రాసేశాడు. డ్యూటీ దిగి వచ్చి, గదిలో పై మంచమెక్కి, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని రాసేవాడట. కింది మంచం ఒక డ్రైవరుది. నిజామాబాద్ మనిషి, కంపెనీ పికప్ నడిపేవాడు. అందరూ భాయ్ అనేవారు కాబట్టి మేమూ భాయ్ అనే అన్నాం. ఆరడుగుల మనిషి, మీసం లేని గడ్డం, మాట్లాడితే వీధి చివరిదాకా వినిపించే గొంతు. నాటకాలాయన వేషం భాయ్‌దేనని బాబాయి రాయకముందే తేల్చేసుకున్నాడు. భాయ్ మొదట చేతులెత్తేశాడు. "నాకు తెలుగు సదువుడు రాదు సారు. ఉర్దూ మీడియం. మాట్లాడుడైతే మాట్లాడ్త," అన్నాడు. దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం నేనింకెక్కడా చూడలేదు. బాబాయి ఒక్కొక్క మాట పైకి చదివేవాడు, భాయ్ దాన్ని ఒక నోటుబుక్కులో ఉర్దూ అక్షరాల్లో, కుడినుంచి ఎడమకు, చకచకా రాసుకునేవాడు. ఒంగోలు తెలుగు, ఉర్దూ లిపి, నిజామాబాద్ నోరు. యూరప్ కథ అలా మా ఇంటికి చేరింది.

రిహార్సల్సు మా ఇంట్లోనే, శుక్రవారాలు, భాయ్ నమాజు చేసుకుని వచ్చాక. నాటకాలాయన భార్య వేషం నాకు పడింది. మొదట్లో నాకు పెద్దగా మాటలు లేవు. ఉత్తరం అందుకోవడం, చదువుకోవడం, కళ్ళు ఒత్తుకోవడం, అంతే. ఒంగోలులో ఉన్న పిన్నికి బాబాయి ఫోన్ కార్డు గీకి ఈ సంగతులన్నీ చెబుతుండేవాడు. ఒక శుక్రవారం మా ఇంటి ఫోన్లోనే పిన్ని అడిగింది, "వారం వారం ఆయన రాశాడు సరే, ఆవిడేం రాసిందీ?" బాబాయి తడుముకుని, ఆవిడ సరిగ్గా జవాబులు రాయడంలేదని ఆయన ఉత్తరాల్లో సణుక్కునేవాడట, అన్నాడు. "రాయడానికి తీరికుండద్దూ? బయట ఇల్లు నడిపేదెవరు? ఆవిడకో సీను పెట్టండి," అని పిన్ని ఫోన్ పెట్టేసింది. ఇరవై ఏళ్ళు గల్ఫ్ నుంచి ఉత్తరాలందుకున్న మనిషి ఆవిడ. బాబాయి అక్కడికక్కడే కూర్చుని నాకొక పేజీన్నర మాటలు రాశాడు. కొన్నాళ్ళకు, రాష్ట్రపతిగా ఉండగా ఆ భార్య పోయిందనీ, ఏడాది తిరక్కుండానే ఆయన ఇంకో పెళ్ళి చేసుకున్నాడనీ తెలిసినప్పుడు పిన్ని, "ఇక ఆయన సంగతులు నాకు చెప్పకండి," అనేసింది. ఆ పెళ్ళి కూడా నాటకంలో పెట్టాలని బాబాయి పట్టు. ముచ్చటపడి గీసే బొమ్మ కాదు, మనిషి కథ అనేవాడు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. ఆ నాటకాలాయన రాష్ట్రపతి అయిన మూడో ఏటికే ఆ దేశం రెండుగా చీలిపోయింది. ఆయన వద్దన్నాడు, ఆపలేకపోయాడు, రాజీనామా చేశాడు. కొట్లాట లేకుండా, రక్తం పడకుండా రెండు దేశాలయ్యాయి. ఆనక మిగిలిన సగానికి ఆయన్నే మళ్ళీ ఎన్నుకున్నారు. ఇది బాబాయి నాలుగో సీనులో ఉంది. మన దగ్గర ప్రత్యేక రాష్ట్రం మాట వేడిగా ఉన్న రోజులవి. బహ్రెయిన్‌లో మన తెలుగువాళ్ళ సంఘంలో అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని పులిహోర తింటూ, ఆ ఒక్క మాట మాత్రం ఎత్తకుండా జాగ్రత్తగా నమిలేవారు.

సంఘం అధ్యక్షులవారు స్క్రిప్టు చదివి మమ్మల్ని ఇంటికి పిలిపించారు. బాబాయి, నేను వెళ్ళాం. కమిటీ వాళ్ళు ఇద్దరున్నారు, ఒకరు వరంగల్ వైపు, ఒకరు గుంటూరు వైపు. జైలు సీన్ల గురించి అడుగుతారనుకుని బాబాయి ఆ జవాబులు సిద్ధం చేసుకొచ్చాడు. అవి ఎవరూ అడగలేదు.

"ఆ ముక్కలయ్యే సీను దేనికండీ? విడిపోయి కూడా బాగానే ఉన్నారని చెప్పడం దేనికి?" అన్నాడు గుంటూరాయన.

"అసలు ఇడిపోవుడు ఆయన వద్దన్నడని ఎందుకు రాసిండ్రు సార్? మావోళ్ళకు కోపమొస్తది," అన్నాడు వరంగల్ ఆయన.

"రెండూ జరిగినవేనండీ," అన్నాడు బాబాయి.

అధ్యక్షులవారు చెడ్డమనిషేమీ కాదు. నిదానంగా చెప్పారు. "మనవాళ్ళు రెండు వైపులవాళ్ళూ కలిసి కూర్చునే చోటు ఈ దేశంలో ఇదొక్కటే. అది పోతే మళ్ళీ నేను తేలేను. మీరొక్క సీను తీసేస్తే ఎవరికీ నష్టం లేదు. ఉగాది రోజు గంటన్నర మీకే ఇస్తాను."

బాబాయి కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "ఆ సీను తీసేస్తే ఆయన దేవుడైపోతాడండీ. ఓడిపోయింది కూడా చూపిస్తేనే మనిషి. నేను తీయను," అని లేచాడు. ఆ సన్నటి గొంతు అంత గట్టిగా వినడం నాకు అదే మొదలు.  తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో కారులో అడిగాడు, "మీ హాలు ఎన్నడుగులుంటుంది అమ్మాయ్?" ఆ దేశంలోనూ నాటకశాలలు మూసుకుపోయినప్పుడు ఇళ్ళల్లో, ముందు గదుల్లో నాటకాలు వేసుకునేవారట.

మా ఆయన ససేమిరా అన్నాడు. ఆ అధ్యక్షులవారు మా ఆయన ఆఫీసులో పైవాడికి పైవాడు. పైగా పరాయి దేశంలో, ఇంట్లో అయినా, పోలీసు, జైలు, రాజీనామా అన్న మాటలు గట్టిగా పలకడమంటే మాలాంటి వాళ్ళకు బెరుకే. రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. మూడోనాడు నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆయన హాల్లో వంగి టేపుతో కొలుస్తున్నాడు. "పద్దెనిమిదికి పద్నాలుగు. సోఫా పడగ్గదిలోకి నెడితే ముప్ఫై మంది పడతారు. ముప్ఫై ఒకటో మనిషిని పిలిచావంటే ఊరుకోను," అన్నాడు. మనసెందుకు మార్చుకున్నాడని నేనడగలేదు. నాకు కావలసింది హాలు.

ఆట పెట్టుకున్న శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా మెట్లమీద చెప్పుల వరస రెండో అంతస్తు దాకా దిగింది. గుదైబియా నుంచి బాబాయి గదివాళ్ళు, లేబర్ క్యాంపు నుంచి కొందరు కూలీలు, మా స్కూలు టీచర్లు, చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళు. భాయ్‌కి రాష్ట్రపతి వేషానికని ఇచ్చిన మా ఆయన సూటు ప్యాంటు చీలమండ పైకే ఆగిపోయింది. నేను కంగారుపడితే బాబాయి సంబరపడ్డాడు. ప్రమాణం చేసిన రోజు ఆ నాటకాలాయన ప్యాంటు కూడా పొట్టిదేనని జనం నవ్వుకున్నారట. అంతలో ఫోన్ మోగింది. పోలీసు అధికారి వేషానికి ఒప్పుకున్న, ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేసే ఆయన. వీసా రెన్యువల్ కాగితాలు ఆఫీసులో ఉన్నాయని, ఈ టైంలో తనకెందుకొచ్చిన గొడవని, క్షమించమని చెప్పాడు.

ఫోన్ పెట్టేసి బాబాయి లోపలికి నడిచాడు. పడగ్గదిలో, సోఫాలూ కుర్చీలూ ఒకదానిమీదొకటి పేర్చిన మధ్యన, మంచం అంచున కూలబడ్డాడు. "ఆపేద్దాం. నా నాటకానికి ఇంకొకడి బతుకు పోకూడదు. ఒకసారి చూశాను, చాలు," అన్నాడు.  భాయ్ ఆ పొట్టి ప్యాంటుతోనే ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సారు, నా నౌకరీ నాది. పోతే నేను జూస్కుంట. మీరు అడిగిండ్రు, నేను జేస్తనన్న. జబర్దస్తీ ఎవరన్న జేసిన్రా? ఆయనకు భయమైంది, రాలేదు, ఆయన ఖుషీ. నాకు భయం గాలేదు, వచ్చిన, నా ఖుషీ. మా అందరి తలకాయలు మీరొక్కరే మోస్తరా ఏంది?"

 ఇరవై ఏళ్ళుగా బాబాయికి ఆ మాట ఎవరూ చెప్పలేదనుకుంటాను. గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆయన లోపలికొచ్చి, మంచం మీది స్క్రిప్టు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పోలీసు నేను చదువుతాను. నాకు మాటలు నోటికి రావు, కాగితం చూసే చదువుతాను. పోలీసులూ కాగితం చూసే కదా అడిగేది," అన్నాడు.

సరిగ్గా మొదలుపెట్టబోతుంటే తలుపు తోసుకుని అధ్యక్షులవారు భార్యతో సహా వచ్చారు. పిలవలేదు. హాలంతా సద్దుమణిగింది. హాల్లో మిగిలిన ఒక్క కుర్చీ వేస్తే, దాంట్లో భార్యను కూర్చోబెట్టి, మోకాళ్ళ నొప్పులతోనే ఆయన చాప మీద చతికిలబడ్డారు. మా ఆయన తన పైవాడి పైవాడికి ఎదురుగా నిలబడి విచారణ సీను చదివాడు. హెచ్చుతగ్గుల్లేకుండా, రేషన్ కార్డు వివరాలు అడుగుతున్నట్టు, "పేరు? ఎవరెవరు సంతకాలు పెట్టారు? ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. గొప్ప నటుడెవరూ అంత బాగా చేయలేడు. పిన్ని రాయించిన సీనులో నేను ఉత్తరం చేత్తో పట్టుకుని, "నీకు వారానికొక కాగితం దొరికింది. నాకు వారానికొక రోజు కూడా దొరకలేదు," అన్నప్పుడు క్యాంపు నుంచి వచ్చినవాళ్ళలో ఒకతను తలదించుకున్నాడు. తాళాల సీనుకు బాబాయి వెనకనుంచి చెయ్యెత్తగానే ముందు మా స్కూలు టీచర్లు, తర్వాత అందరూ జేబులూ హ్యాండ్‌బ్యాగులూ తడిమి తాళాలు తీశారు. ఇంటి తాళాలు, కారు తాళాలు, క్యాంపు గదుల్లో రేకు పెట్టెల చిన్న చిన్న తాళాలు. ఆ గలగల అలా సాగి సాగి, ఆపమని బాబాయి సైగ చేసినా ఆగలేదు.

ఆపైన నాలుగో సీను. రాష్ట్రపతి ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని రాజీనామా రాస్తుంటాడు. భాయ్ కాగితం మీద పెన్ను పెట్టాడో లేదో, వెనకనుంచి ఎవరో, "రాజీనామా దేనికయ్యా? గట్టిగా ఆపొచ్చుగా!" అన్నారు. "ఎందుకాపాలె? జనం అడుగుతుండ్రు గదా!" అని ఇటునుంచి ఇంకొకరు. అంతే, అగ్గి రాజుకుంది. యూరప్ పోయింది, నాటకం పోయింది. నీళ్ళన్నారు, ఉద్యోగాలన్నారు, మీరన్నారు, మేమన్నారు. ఇద్దరు లేచి నిలబడ్డారు. అధ్యక్షులవారు నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. చెప్పాను కదమ్మా అన్నట్టుంది. బాబాయి గోడకు ఆనుకుని బిగుసుకుపోయాడు. భాయ్ మాత్రం కదల్లేదు. ఆ బల్ల దగ్గరే, ఆ పొట్టి ప్యాంటుతోనే, పెన్ను పట్టుకుని ఒక్కొక్కరు మాట్లాడుతుంటే వాళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాడు. క్రమంగా అది అందరి కళ్ళా పడింది. గొడవ కాస్త సన్నగిల్లినప్పుడు, వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతును బాగా తగ్గించి అన్నాడు.

"మాట్లాడుండ్రి. అందరు మాట్లాడుండ్రి. ఇన్నంక రాస్త."

ఆ మాట స్క్రిప్టులో లేదు. అతని నోటుబుక్కులోనూ లేదు. నిలబడిన ఇద్దరూ కూర్చున్నారు. అప్పుడు మళ్ళీ మాట్లాడారు, ఈసారి ఒకరి తర్వాత ఒకరు. వరంగల్ ఆయన వాళ్ళూరి చెరువు గురించి చెప్పాడు. మా పక్క ఫ్లాటు విజయవాడ ఆవిడ, హైదరాబాద్‌లో చదువుతున్న తన కూతురి గురించి భయం చెప్పుకుంది. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. పావుగంట తర్వాత ఇంక చెప్పేవాళ్ళు లేరని చూసుకుని, భాయ్ తల వంచి రాజీనామా రాశాడు. హాల్లో పెన్ను చప్పుడు వినిపించింది. ఆఖరి సీనులో ఆ నాటకాలాయన కుర్చీ దిగి ఇంటికొచ్చి, తెల్ల కాగితం ముందు కూర్చుంటాడు. రాయగలడో లేడో తెలియదు. బాబాయి అక్కడే ఆపేశాడు.

వెళ్ళేటప్పుడు అధ్యక్షులవారు బాబాయి చెయ్యి పట్టుకున్నారు. "జైలు సీను బాగుంది. నాలుగో సీను కూడా బాగుంది. నాకు నచ్చలేదు, కాని బాగుంది," అన్నారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. మర్నాడు పొద్దున్న ఐదింటికి భాయ్ ఎప్పటిలాగే పికప్ తీశాడు. ఆ ఏడు మా ఆయనకు రావలసిన ప్రమోషన్ రాలేదు. దానికీ దీనికీ సంబంధముందో లేదో మాకు తెలియదు. మేమూ అడగలేదు.

ఆ మరుసటి ఏడు పాత అధ్యక్షులవారు తప్పుకుంటూ తన బదులు బాబాయి పేరు చెప్పారు. టైం కీపరు సంఘానికి అధ్యక్షుడేమిటని కొందరు గొణిగినా చేతులు బాగానే లేచాయి. బాబాయికి ఇష్టం లేదు. కాని అలాంటి నాటకం రాసి, కుర్చీ పిలిస్తే పారిపోతే బాగుండదని ఒప్పుకున్నాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆయనలో నాకో మార్పు కనిపించింది. శుక్రవారం నిద్ర పోయింది, ఫోన్లు వచ్చాయి. ఆ ఉగాదికి ఒక నర్సమ్మ చిన్న హాస్యనాటిక రాసింది. అందులో మన సంఘం వేడుకలో పెద్ద ఉద్యోగుల కుటుంబాలకు ముందు సోఫాలు, క్యాంపులవాళ్ళకు వెనక గోడవార జాగా. అధ్యక్షుడు వేదిక మీద సమానత్వం గురించి ఉపన్యాసం ఇస్తుంటాడు, సన్నటి గొంతుతో. కమిటీ వాళ్ళు అలిగారు. బాబాయి ఎర్ర పెన్సిలుతో రెండు పేజీలు కొట్టేసి, "కొంచెం తగ్గించమ్మా," అని తిరిగిచ్చేశాడు.

ఆ శుక్రవారం భాయ్ కూడా మా ఇంట్లో భోజనానికి ఉన్నాడు. పప్పు కలుపుకుంటూ, పెద్ద విషయం కానట్టు అడిగాడు, "సారు, గా నర్సమ్మ రాసింది అబద్ధమా? మేం ఎన్కనే గూసున్నం గద."

బాబాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.  సగం అన్నం వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని, నర్సమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, తప్పు చేశాను. ఒక్క ముక్క కూడా తీయకుండా వెయ్యండి. నా గొంతు ఇంకా సన్నగా పెట్టించండి," అన్నాడు. అంతటితో ఊరుకోకుండా ఆ ఉగాదికి సోఫాలు తీయించేశాడు. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు, తను ఆఖరి వరస. మునుపు సోఫాల్లో కూర్చున్నవాళ్ళు కొందరు పచ్చడైనా తినకుండా లేచి వెళ్ళిపోయారు. తర్వాతి ఎన్నికల్లో బాబాయికి పోటీ పెట్టారు, ఓడించారు. ఓడిన మరుసటి శుక్రవారం ఆయన మా ఇంటికి గోంగూర కట్ట తెచ్చి, తిని, పేపరు మొహాన కప్పుకుని హాయిగా నిద్రపోయాడు. లేచాక తెల్ల కాగితాలు అడిగాడు.

రెండువేల ఎనిమిదిలో ఆయన కంపెనీకి దండం పెట్టి ఒంగోలు వెళ్ళిపోయాడు. ఆ వారమే మేమందరం జల్లాఖ్ దగ్గర సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. ఆ నాటకాలాయన కుర్చీ దిగాక కొత్త నాటకం రాశాడని, దాన్ని ఆ దేశంలో ఆడుతున్నారని అప్పటికి పేపర్లో వచ్చింది. బాబాయి ఆ సంగతి భాయ్‌కి చెబుతుంటే, భాయ్ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, "మరింక మీదెప్పుడు సారు?" అన్నాడు. "సగమయింది," అన్నాడు బాబాయి. అది నిజమే. ఊరికెళ్ళాక పూర్తిచేశాడు, ఆ తర్వాత ఇంకో రెండు రాశాడు. మొదటిదానికి, అప్పట్లో ఉద్యోగం పోయిన ఆ పాత అటెండరు ఎక్కడున్నాడో వెతికి పట్టుకుని, ముందు వరసలో కూర్చోబెట్టి చూపించాడని పిన్ని చెప్పింది. అతనేమన్నాడని అడిగితే పిన్ని, "ఏమీ అనలేదు. ఆఖరిదాకా కూర్చున్నాడు," అంది. భాయ్ ఇప్పుడు నిజామాబాద్‌లో కొడుకు షాపు దగ్గర కూర్చుంటాడు. పండగలకు ఫోన్ చేస్తాడు. రెండు రాష్ట్రాలయ్యాక చేసిన మొదటి ఫోన్లో, "సారుకు చెప్పుండ్రి, మనం ముందే ఆడినం," అని పెద్దగా నవ్వాడు.

మొన్న బాబాయికి ఫోన్ చేసి అపార్ట్‌మెంట్ సంగతి చెప్పాను. చెవులు సరిగ్గా వినబడక, దేనికో పోటీ చేస్తున్నాననుకుని ఆశీర్వదించాడు. ఫోన్ పెట్టేశాక ఊరికే వేళ్ళ మీద లెక్క వేశాను. ఆ పేపరు ముక్క పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డ రోజున ఆయనకు యాభై ఆరేళ్ళు. ఈ వయసులో ఈ ముసలాయనకెందుకీ తాపత్రయం అని ఆ రోజు మనసులో అనుకున్నాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది. నాకు మొన్న యాభై ఎనిమిది నిండాయి, పొద్దు ఇంకా చాలా ఉన్నట్టే అనిపిస్తోంది.